వదిన మిద్దె మీది స్పాంజి

మీ ఊపిరితిత్తుల్లో చేరిన విషం ఏ ఊరిదో మీరెప్పుడైనా అడిగారా?

మా వదిన అడిగింది. బత్తలపల్లె దగ్గర మా ఊళ్లో పడమటి గాలి మొదలైతే చాలు, ఆమెకు ఆయాసం. వైద్యానికి పోయిన ప్రతిచోటా ఒకటే మాట: కట్టెల పొయ్యి మానుకో. మా ఇంట్లో గ్యాసు వచ్చి చాలా ఏళ్లయింది. దెబ్బ తిన్నవాడినే దోషిని చేసే ఆ తర్కం నా ఒళ్లు మండించింది.

పత్రికలకు రాసే పనిలో నాకు పరిచయమైన, గాలిలోని రసాయనాల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయిని పిలిపించాను. ఆమె వదిన మిద్దె మీద రెండు స్టీలు గిన్నెలు ఒకదానిపై ఒకటి బోర్లించినట్టుండే పరికరం బిగించింది. లోపల గుండ్రటి స్పాంజి. వారాల తరబడి గాలి తగిలితే అందులోని విషాలు దానికి అంటుకుంటాయి.

శుక్రవారం మిద్దెక్కి చూస్తే గిన్నెలకు పసుపు కుంకుమ, కింద కర్పూరం మసి. కొత్త ట్రాక్టరుకు పట్టినట్టే దీనికీ హారతి పట్టింది వదిన.

"పొగ పట్టుకునేదానికే పొగ పెడితే ఎట్ల వదినా?"

"నా కోసం పనిచేసేదానికి దండం పెట్టొద్దా? నీ పెన్నుకు ఏ పొద్దూ పెట్టవు, అందుకే అది అట్ల రాస్తాండాది."

నా వాదం ఆమె ముందు నిలవలేదు. పరిశోధక అమ్మాయి మాట నిలిచింది. "ఈ పొగ కూడా దీంట్లో చేరుతుందక్కా. తప్పు మీ ఇంటిదేనంటారు."

వదిన గిన్నెల మీది కుంకుమను కొంగుతో తుడిచింది. "అయితే నా దేవుడు కిందే ఉంటాడులే. చేన్లో పాత డ్రిప్పు పైపులు కాలుస్తాండాడే మీ అన్న, ఆయప్పను ఎవరు ఆపేది?"

ఆమే ఆపింది. పైపులు పాత సామాన్లవాడికి పోయినాయి.

పొగ తగిలిన స్పాంజి తీసేసి ఆ అమ్మాయి కొత్తది పెట్టింది. కొన్ని వారాలకు దాంట్లో, మా చుట్టుపక్కల ఎవరూ చల్లని పురుగుమందు దొరికింది. ఆ వారాల్లో గాలి నడిచిన దారిని ఆ అమ్మాయి వెనక్కి లెక్కగట్టి పటం మీద గీసింది. గీతలు పడమటికి, మేమెన్నడూ చూడని నేలల మీదికి పోయాయి. మా పొగా కొంత ఉందని ఆమె దాచలేదు, నేనూ దాచను.

ఆ పటం తీసుకుని నేనూ వదినా కాలుష్య నియంత్రణ అధికారి దగ్గరికి పోయాం.

"గాలికి హద్దులుంటాయామ్మా? ఎవరినని అడుగుతాం?" అన్నాడాయన.

"గాలి ఎవరిదని నేనడగలేదు సారూ. దాంట్లో మందు కలిపినోళ్లు ఎవరని అడుగుతాండా. కనుక్కుంటామని కాయితం మీద రాసియ్యి. రాసేదాకా ఈడే కూచుంటా."

రొప్పుతూనే కూర్చుంది. సాయంత్రానికి ఆయన రాసిచ్చాడు. అది తీర్పు కాదు, విచారణకు మొదటి మెట్టు మాత్రమే. అదైనా కూర్చుంటేనే వచ్చింది.

మీరూ పోండి. మీ ఊరి గాలిని పరీక్షించమని రేపే అర్జీ పెట్టండి. రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా ఆ కుర్చీ వదలకండి.