వేగు అని పిలిచిన మనిషి

ఆ పోస్టుకు నేను చేరింది డిసెంబరు మొదటి వారంలో, పగలు పదకొండు నలభైకి. తొంభైల చివరి సంవత్సరాలు. కాశ్మీరు. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. ట్రక్కు కింద రోడ్డు మీదే ఆగిపోయింది. అక్కడి నుంచి నాలుగు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు, చేతిలో రైఫిలు. పైన మూడు బంకర్లు, ఇసుక బస్తాల గోడలు, రేకుల కప్పు. లోపల కిరోసిన్ పొయ్యి. కిందికి చూస్తే దేవదారు చెట్లు, ఒక వాగు, వాగు అవతల పదిహేను ఇళ్లు.

ఆ ఊరి నుంచి ఒక గొర్రెల కాపరి మాకు సమాచారం తెచ్చేవాడు. అరవై దాటిన మనిషి. తుపాకులవాళ్లు, అంటే మిలిటెంట్లు, అతని కొడుకును ఇంట్లోంచి తీసుకుపోయారు. కొడుకు తిరిగి రాలేదు. ఇంట్లో ఇక ముసలాయన, కోడలు. ఆ తుపాకులవాళ్లు ఎప్పుడు ఏ దారిన వస్తున్నారో ముసలాయన మాకు చెప్పేవాడు.

కింద వాగు దగ్గర బండ వెనక పొద్దున అయిదు నుంచి ఏడు దాకా కాపలా నాది. అతను వస్తే చెప్పింది విని, నేను రేడియోలో పైకి చెప్పాలి. మా మాటలు అవతలివాళ్లు వింటారని అనుమానం. పోస్టు కమాండరు సుబేదారు ఒక ఉపాయం చెప్పాడు. పైన రేడియో ఆపరేటరుది చిత్తూరు పక్క పల్లె. నాది ఏర్పేడు. ఇద్దరం తెలుగులో మాట్లాడుకుంటే ఆ కొండల్లో మూడోవాడికి అర్థం కాదు.

ఆ మనిషికి ఒక పేరు కావాలి. ఆపరేటరు నవ్వుతూ అన్నాడు: "సాడీలు మోస్తాడు గదప్పా. సాడీలోడు అందాం."

"వద్దు. వేగు అందాం," అన్నాను.

"అదేం మాటబ్బా? మా అవ్వ నోట్లో కూడా ఇన్లేదు."

నేను పదో తరగతి తప్పినవాడిని. సైన్యంలో చేరకముందు రెండేళ్లు చిత్తూరులో మామిడికాయల మండీలో పని చేశాను. సాయంత్రాలు గ్రంథాలయంలోనే గడిపాను. అక్కడి నిఘంటువు అట్ట ఊడిపోయేదాకా తిరగేసింది నేనే. అందుకే వాడికి పాఠం చెప్పాను. వేగు అంటే రహస్యంగా తెలుసుకున్న వార్త. దాన్ని తెచ్చేవాడు కూడా వేగే. వేగులవాడనీ అంటారు. పాత పుస్తకాల్లో రాజుకు వేగులే కళ్లు. అది గౌరవమైన మాట. చాడీలు చెప్పేవాడు తన కడుపుమంట కొద్దీ చెబుతాడు, వేగు ప్రాణం పణంగా పెట్టి చెబుతాడు.

"సరే పండితుడా," అన్నాడు ఆపరేటరు. ఆ రోజు నుంచి రేడియోలో అదే మాట. "వేగు వచ్చినాడా?" "వచ్చినాడు." "ఏమంటాడు?" నేను గ్రంథాలయంలో నేర్చిన మాటను దేశం ఆ చివర వాడుతున్నారని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

సుబేదారు హుకుం ఒకటే. అతను ఎలా వచ్చాడో అలాగే పోవాలి. మన వస్తువు ఒక్కటి కూడా అతని చేతిలో ఉండకూడదు. సైన్యానికి పాలు కూడా ఇవ్వకూడదని తుపాకులవాళ్లు ఆ ఊళ్లో చాటింపు వేశారు.

జనవరిలో ఒక పొద్దున, అయిదు యాభైకి, సన్నగా మంచు పడుతోంది. ముసలాయన వచ్చాడు. చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత కంబళి కిందినుంచి మూత ఉన్న చిన్న గిన్నె తీశాడు. గొర్రెపాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. నేను రెండు రోజులుగా దగ్గుతున్నానని గమనించాడట. పాలు నా మగ్గులో పోసుకున్నాను. అతను గిన్నె కోసం చెయ్యి చాపాడు.

మా ఇళ్లలో ఒకరు ఏదైనా పెట్టి పంపిన గిన్నెను ఉత్తది తిప్పి పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు ఉప్పన్నా వేస్తారు. నా చిన్నప్పుడు అమ్మ ఒకసారి నన్ను సగం వీధి నుంచి వెనక్కి పిలిచి మరీ ఆ పని చేయించింది. ఉత్త గిన్నె ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. అంతకు ముందు రోజే ఇంటి నుంచి పార్శిల్ వచ్చింది. కోటు జేబులో చిత్తూరు బెల్లం ఉండ ఒకటి ఉంది, తెలుగు పేపరు ముక్కలో చుట్టి. దాన్ని గిన్నెలో పెట్టి మూత వేశాను. హుకుం గుర్తుంది. బెల్లమే కదా అనుకున్నాను. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆరు ఇరవైకి నాకు అతను కనబడ్డాడు. వాగు ఒడ్డున, వెల్లకిలా. మీద అరంగుళం మంచు. కంబళికి ఒక కాగితం ముల్లుతో గుచ్చి ఉంది. మా ఊళ్లో దొరికే పేపరు. తెలుగు అక్షరాల మీద బొగ్గుతో ఉర్దూలో ఒకే ఒక్క మాట. ఆ రోజు నాతో కాపలాకు వచ్చిన హవల్దారు చదివాడు: ముఖ్బిర్. గూఢచారి. తెలుగు చదవలేకపోయినా ఆ అక్షరాలు ఎక్కడివో తుపాకులవాళ్లకు తెలిసింది. ఆ కొండల్లో మద్రాసీలు మా పోస్టులో తప్ప ఇంకెక్కడా లేరు.

రేడియోలో ఆపరేటరు అడిగాడు: "వేగు వచ్చినాడా?"

"సంపేసినారప్పా," అన్నాను. "నా బెల్లమే సంపింది."

ఆపరేటరు మెల్లగా అన్నాడు: "ఆ మాట ఇంకెవురికీ సెప్పొద్దు నువ్వు."

చెప్పలేదు. నివేదికలో అతని సంగతి వాళ్లకెలా తెలిసిందో తెలియదని రాశారు. ఆ కాగితం తీసి పాకెట్లో పెట్టుకున్నాను, పైకి వచ్చాక పొయ్యిలో వేశాను.

మార్చి చివర సెలవు. రేణిగుంటలో రైలు దిగితే వేడిగాలి ముఖాన కొట్టింది. టీకొట్టు దగ్గర నలుగురు చుట్టూ చేరారు. "ఏమప్పా, ఆడ గూఢచారులు ఉంటారంటనే, నువ్వు ఎవుర్నన్నా సూసినావా?" అని ఒకాయన అడిగాడు. లేదన్నాను. ఇన్నేళ్లుగా ఎవరడిగినా అదే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది మొదటిసారి.

ముసలాయన శవం కనబడిన ఆ పొద్దున, దాన్ని కదిలించొద్దని సుబేదారు మాకు చెప్పాడు. మేం మోస్తే ఆ ఇంటికి ఇంకా ముప్పు. పైకి వచ్చి దుర్భిణీలో చూస్తూ నిలబడ్డాం. పదిహేను ఇళ్లలో ఒక్క మగవాడూ బయటికి రాలేదు. కోడలు ఒక్కతే వచ్చింది. ఏడవలేదు. భుజాన మోసుకొచ్చిన నిచ్చెనను మంచు మీద పరిచింది. మామను దాని మీదికి దొర్లించింది. తన దుప్పటి చించి కట్టింది. నిచ్చెనకు కట్టిన తాడు నడుముకు చుట్టుకుని ముందుకు వంగి లాగింది. పది అడుగులు లాగడం, ఆగడం. మళ్లీ పది అడుగులు. ఇల్లు చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది. వాగు నుంచి ఆ గుమ్మం దాకా తెల్లటి మంచులో రెండు గీతలు, వాటి నడుమ ఒక ఆడమనిషి అడుగులు.