బియ్యం సంచిలో మందు డబ్బా

మా బైబిలమ్మగారు పోయారు. కబురు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "ప్రభువునందు నిద్రించారు" అని అయ్యగారు పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగాయి. నేను అప్పుడు షాపులో ఒక పెళ్లి జాకెట్టుకి చేతులు కత్తిరిస్తున్నాను. కత్తెర పక్కన పెట్టి ఆ మాట వంకే కాసేపు చూశాను. ఆవిడ పట్టపగలు కునుకు తీయడం నేనెన్నడూ చూడలేదు, పక్కనున్నవాళ్లను తీయనిచ్చిందీ లేదు. నిద్రించారట! ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నాకు ఎప్పుడూ అదే వరస.

బైబిలమ్మ అంటే ఎవరో తెలియనివాళ్లకు చెప్పాలి. చర్చిలో అయ్యగారు వేదిక మీద మాట్లాడతారు. ఇల్లిల్లూ తిరిగి, రోగుల మంచాల పక్కన కూర్చుని, వాక్యం చదివి ప్రార్థన చేసేది బైబిలమ్మ. మా బైబిలమ్మకు ఇంకో పని కూడా ఉండేది. నకరికల్లు చుట్టుపక్కల ఊళ్లలో తల్లీతండ్రీ పోయి అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతున్న జబ్బు పిల్లలు కొందరుండేవాళ్లు. వాళ్ల మంచీచెడూ సంఘం తరఫున చూసేది ఆవిడే. బస్సు వెళ్లని ఊళ్లకు నా స్కూటీ మీద వచ్చేది. షాపు మూసి ఊళ్లు తిప్పాల్సి వస్తోందని నేను సణుగుతుంటే, వెనక కూర్చుని గొంతెత్తి పాట అందుకునేది.

మా ఆడవాళ్లకు ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం తీసుకున్నాక, ఎసట్లో పోయకముందే ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి ముందున్న గంగాళంలో కుమ్మరిస్తాం. సన్నబియ్యం, రేషను బియ్యం, నూకలు అన్నీ అందులో కలిసిపోతాయి. వండితే సగం ముద్దవుతుంది, సగం పలుకు మీద ఉంటుంది. ఆ బియ్యాన్నే సంచులకెత్తి ఆవిడ ఆ ముసలివాళ్లకు పంచేది. "ఇదేం బియ్యం, ఇదేం అన్నం" అని నేను మొహం ముడిస్తే, "ఇంతమంది చేతుల బియ్యం ఒక్కతీరున ఎట్టా ఉడికిద్దే?" అనేది.

"ఎవరింటికి పోయినా ముందు పొయ్యి చూడు, తర్వాత మంచం చూడు" అన్నది ఆవిడ మాట. పొయ్యి చల్లగా ఉంటే బైబిలు సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. బియ్యం ఉడికి, పిల్ల తిన్నాకే ప్రార్థన.

ఆ ఇళ్లలో ఒక ఇంటి గురించి చెప్పాలి. అక్కడి ఆడపిల్ల పేరు రాయను. ఆమెను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. పిల్లకు పుట్టుకతోనే హెచ్ఐవి. తల్లీతండ్రీ ఆ జబ్బుతోనే పోయారు. అమ్మమ్మ మిరపకోతలకు పోయేది. కోతలయ్యాక కల్లాల్లో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేది. తాతకు చూపు మందం, కల్లం కాపలా ఉండేవాడు. జబ్బు పేరు బయటికొస్తే పంపు దగ్గర బిందె కూడా పెట్టనివ్వరని అమ్మమ్మ భయం. ఉత్తి భయం కాదు. కూతురి విషయంలో, దాని అత్తగారి ఊళ్లో, అంతా అనుభవించింది. అందుకే ఆసుపత్రిలో మందులిచ్చిన రోజు వాళ్లు నేరుగా బైబిలమ్మ ఇంటికి వచ్చేవాళ్లు. ఆవిడ మందు డబ్బాను బియ్యం సంచిలో లోతుగా పాతిపెట్టి పంపేది. ఊరి కళ్లకు అది బియ్యం సంచే. జబ్బు సంగతి ఆ ఇంటి గడప దాటి తెలిసింది ఆవిడకూ నాకూ మాత్రమే.

ఒక ఏడాది మిరపకోతలు ముగిసే రోజుల్లో మాచవరం వైపు ప్రార్థనతో రోగాలు నయం చేస్తామని స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు పిల్ల తల మీద చెయ్యి పెట్టి, బాగుపడింది, నమ్మమని చెప్పాడట. ఆ ఆదివారం మా చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అమ్మమ్మ లేచింది. జబ్బు పేరు చెప్పలేదు. "మా పిల్లని పుట్టినకాడ్నుంచి పట్టుకున్న రోగం దేవుడు తీసేశాడయ్యా" అని చెప్పి బావురుమంది. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. బైబిలమ్మ కూడా కొట్టింది, కానీ ఆవిడ చూపు పిల్ల మీదే ఉంది.

కొన్ని వారాలకు తాత ఒక్కడే కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆవిడ ఇంటి అరుగు మీద కూలబడి, మంచినీళ్లు కూడా ముట్టకుండా చెప్పాడు.

"అమ్మా, ముసల్ది మందులు మాన్పిచ్చింది. సాక్ష్యం చెప్పిన పూట నుంచే. పిల్లకి ఒళ్లు కాలిపోతా ఉంది. నోరంతా పూసింది, గుటక దిగట్లేదు. నేను చెప్తే వినదు. నువ్వన్నా చెప్పు."

ఆవిడ చెప్పులేసుకునే లోపే నేను బండి స్టార్టు చేశాను. దారంతా పాట లేదు. అంత భయం నాకు మునుపెప్పుడూ వేయలేదు.

అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. ఇంకా మా మాట మొదలుకాకముందే లోపలికెళ్లి మందు డబ్బా తెచ్చి బైబిలమ్మ చేతిలో పెట్టింది. "తీసకపో. ఇక మాకక్కర్లేదు."

"జొరం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది ఆవిడ.

"అది పరీక్ష. తగ్గిపోయిద్ది. దేవుడు బాగుచేశాడని అంతమందిలో చెప్పినదాన్ని, మళ్లా మాత్ర మింగిస్తే ఆయన మొహాన ఉమ్మినట్టు కాదా? అప్పుడు కోపమొచ్చి నిజంగానే తీసకపోతే? నా కూతుర్ని తీసకపొయ్యాడు, దీన్ని కూడానా?"

లోపల నులకమంచం మీద పిల్ల దగ్గుతోంది. ఆ దగ్గు వింటూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. "నువ్వు చేతులారా చంపుతున్నావు" అని అరిచాను. అమ్మమ్మ నా వంక చూడనైనా లేదు. బైబిలమ్మ మాత్రం చూసింది.

"నోరు మూసుకుని పొయ్యి రాజెయ్యి" అంది నాతో.

రాజేశాను. ఆవిడ జావ కాచి, చల్లార్చి, చెంచాతో పిల్లకు పట్టింది. మందు మాటెత్తలేదు. వస్తూ వస్తూ డబ్బా తన సంచిలో వేసుకుంది. దారిలో నేను ఊరుకోలేక, ఎందుకు చెప్పలేదని కసిరాను. "చెప్పడానికి ఆమె మూర్ఖురాలు కాదే, భయపడ్డది. భయానికి మాటలెక్కవు" అంది. బండి మీద ఆవిడ చెయ్యి నా భుజాన్ని నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని ఉంది.

మందులు మింగితే విశ్వాసం లేనట్టు కాదని అయ్యగారు వేదిక మీద ఒక్క మాట చెబితే చాలని ఆవిడ అనుకుంది. అటు నుంచి అటే అయ్యగారి దగ్గరికి వెళ్లాం. అయ్యగారు కొత్తగా వచ్చినవారు, వయసులో చిన్నవారు. పక్కన సంఘ పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పత్తీ మిరపా వేసే రైతు, ఊళ్లో మాట చెల్లేవాడు.

"మన చర్చిలో చెప్పిన సాక్ష్యాన్ని మనమే అబద్ధం చేద్దామా?" అన్నాడాయన. "ఇంతకీ ఆ పిల్ల జబ్బేంది? చెప్పు. అప్పుడు ఆలోచిద్దాం."

జబ్బు పేరు చెబితే మందులు మానకూడదని ఒప్పించొచ్చు. చెబితే రేపటి నుంచి ఆ పిల్ల బళ్లో ఒంటరిగా కూర్చోవాలి. ఆవిడ పమిట చివర మెలిపెడుతూ నిలబడింది.

"చెప్పలేను" అంది చివరికి.

"అయితే ఊరుకో. బైబిలమ్మే అవిశ్వాసం మాట్లాడిద్దంటే ఈ పనికి ఇంకొకర్ని చూసుకోవాల్సొచ్చిద్ది."

ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది, ఆ రెండు రోజులూ ఆవిడ పొద్దునా సాయంత్రం ఆ ఇంటికి పోయి జావ పట్టింది. ఆసుపత్రికి పోదామంటే అమ్మమ్మ తలుపేసుకుంటుందేమో, ఆ జావ కూడా అందకుండా పోతుందేమో అని ఆవిడ భయం. పిల్ల చెంపలు లోపలికి పోయాయి. నాకు మిషను మీద కాలు ఆడలేదు.

ఆదివారం వచ్చింది. అమ్మమ్మ పిల్లను ఎత్తుకొచ్చి గుమ్మం పక్కన, ఆఖరి చాప మీద కూర్చుంది. దుప్పట్లో చుట్టిన పిల్ల వణుకు నేను కూర్చున్న చోటికి కనిపిస్తోంది. సాక్ష్యాల సమయం రాగానే బైబిలమ్మ లేచి ముందుకు నడిచింది. చేతిలో స్టీలు గ్లాసు. సంఘ పెద్ద మెడ నిక్కించాడు. ఉద్యోగం పోతుందని నాకు అర్థమైపోయింది. అంతకంటే, పిల్ల గుట్టు బయట పడుతుందేమోనని భయపడ్డాను.

"నాకు షుగరుంది" అంది ఆవిడ. "చానా ఏళ్ల నుంచి ఉంది. రోజూ దేవుడికి స్తోత్రం చెప్పి మాత్ర మింగుతన్నా. బైబిలమ్మకే జబ్బా అని మీరనుకుంటారని ఇంట్లో మింగేదాన్ని. ఇయ్యాల మీ మధ్యలో మింగుతా. నన్ను ఇంతకాలం బతికిచ్చింది ఆయనే, ఈ మాత్ర నా చేతికిచ్చింది కూడా ఆయనే. ఇది నా సాక్ష్యం. ఇది మింగితే నాకు విశ్వాసం లేదనేవాళ్లుంటే లేచి చెప్పండి."

మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. మగవాళ్ల వైపు సంఘ పెద్ద లేచాడు. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య లేచింది. కొంగు చివరి ముడి విప్పుకుంటూ చాపల మధ్య దారిలోకి వచ్చి, అరచెయ్యి చాపింది. "నీ బీపీ బిళ్ళ. పొద్దున హడావిడిలో మర్చిపోయి వచ్చావు. లేచావుగా, మింగి కూచో."

ఆయన చెయ్యి వంక చూశాడు, భార్య వంక చూశాడు. చర్చి అంతా ఆయన వంక చూస్తోంది. బైబిలమ్మ గ్లాసు ముందుకు చాపింది. మింగాడు. ఎవరో ముసలాయన పకపకా నవ్వాడు. ఇంకో ముసలావిడ తన కొంగు ముడి విప్పసాగింది.

నేను గుమ్మం వైపు చూశాను. అమ్మమ్మ తల దించుకుని ఉంది. కదల్లేదు.

ఆరాధన అయ్యాక బియ్యం పంపిణీ. అమ్మమ్మ వరసలో అందరికంటే వెనక నిలబడింది. పిల్ల నా ఒళ్లో ఉంది, దుప్పటి లోంచి వేడి నా చీరకు తగులుతోంది. ఆమె వంతు వచ్చినప్పుడు బైబిలమ్మ సంచి మూతి తెరిచి పట్టుకుని, "ఎప్పట్లాగానే ఉంది, చూసుకో" అంది. అంతే. అమ్మమ్మ బియ్యంలో చెయ్యి పెట్టింది. మిరపకాయల ఘాటుకు మొరటుబారిన చెయ్యి మణికట్టు దాకా మునిగి, అక్కడే ఆగిపోయింది. డబ్బా చేతికి తగిలిందని నాకు తెలుస్తోంది. తీసి విసిరేస్తుందా? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆ సంచి వంకే చూస్తున్నారు.

అమ్మమ్మ ఉత్త చెయ్యి బయటికి తీసి, సంచి మూతి బిగించి కట్టి చంకనెత్తుకుంది.

"ఏ పూట నుంచి మొదలుపెట్టను?" అంది.

"నువ్వూ నేనూ కాదు, డాక్టరమ్మ చెప్పాలి. పద, బస్సుకి పోదాం" అంది ఆవిడ. నా ఒళ్లోంచి పిల్లను అందుకుని భుజాన వేసుకుంది.

పిల్లను నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. చాలా రోజులు ఎటూ తేలలేదు. మధ్యలో ఆగిన మందులు మళ్లీ పనిచేస్తాయో లేదో చూడాలన్నారు. ఆ వార్డు వరండాలో ఆ ముసలివాళ్లిద్దరి మధ్యా బైబిలమ్మ కూర్చునేది. ధైర్యం చెప్పమని నేనంటే, "ఏడిస్తే ఏడవనీ, పక్కన కూచో. ఆ తర్వాత టీ తెచ్చియ్యి" అనేది. పిల్ల తనంతట తాను ఇడ్లీ అడిగిన పొద్దున, ఆవిడ మొదటిసారి గోడకు తల ఆనించి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. తర్వాత టీ తెచ్చాను.

ఆ ఆదివారం మొదలైన అలవాటు మా చర్చిలో నిలిచిపోయింది. ప్రకటనల వేళకు నీళ్ల బిందె, గ్లాసులు ముందుకొస్తాయి. షుగరువాళ్లు, బీపీవాళ్లు, కీళ్లనొప్పులవాళ్లు ఎవరి మాత్ర వాళ్లు మింగుతారు. పిల్ల మందు వేళ కూడా అదే. కాగితంలో మడిచి తెచ్చుకున్న తన మాత్ర వాళ్ల మధ్యలో నిలబడి మింగేది. అది దేనికని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆవిడ అసలు ఆలోచన అదేనా అని ఒకసారి అడిగాను. "నువ్వు బండి చూసి నడుపు" అంది.

ఆ షుగరే చివరికి ఆవిడ కిడ్నీల దాకా పోయింది. ఆఖరి రోజుల్లో కూడా గుప్పెడు బియ్యం తీశానా అని నన్ను అడిగేది. లోకంలో నాకింత ఓపిక నేర్పినవాళ్లు ఇంకెవరూ లేరు. నేర్చుకున్నది కొంచెమే అయినా, ఆ కొంచెం ఆవిడదే.

మర్నాడు ఎండ ముదరకముందే ఆవిడను సమాధుల తోటకు తీసుకెళ్లాం. పిల్ల ఇప్పుడు పెద్దదైంది, నా షాపులోనే కుడుతుంది. తాత లేడు, అమ్మమ్మ దాని భుజం పట్టుకుని నడిచింది. పెట్టె దించాక అందరం వరసగా గుప్పెడు మట్టి వేస్తున్నాం. పిల్ల మట్టి చేతిలోకి తీసుకుని వంగినప్పుడు దాని సంచిలో ఫోను మోగింది. మాత్ర అలారం. అయ్యగారు ప్రార్థన ఆపారు. అందరూ దాని వైపు తిరిగారు. అమ్మమ్మ వేళ్లు దాని భుజం మీద బిగుసుకున్నాయి.

పిల్ల మట్టి వేసింది. చున్నీకి చెయ్యి తుడుచుకుని సంచి తెరిచింది. ఈసారి కాగితం పొట్లం కాదు, డబ్బానే బయటికి తీసింది. దాని మీది అక్షరాలు ఎండలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరూ మెడ చాచి చదవలేదు. ఆ గుంట చుట్టూ నిలబడ్డ ముసలివాళ్లు ఒక్కొక్కరే తల వంచి కొంగు ముళ్లు విప్పుకుంటున్నారు, జేబులు తడుముకుంటున్నారు. సంఘ పెద్ద తన నీళ్ల సీసా మూత తీసి ముందు పిల్లకు అందించాడు. ఆ తర్వాత అది చేతులు మారుతూ సమాధి చుట్టూ తిరిగింది.