మా బావి మీద స్టే

మా నాయనకు తెలిసిన ఇంగ్లీషు ముక్కలు పది దాటవు. మోటారు, ఫీజు, స్టార్టరు, బోరు, లోను, స్టే. మొదటి ఐదూ మా తట్టు పుట్టిన ప్రతి రైతుకూ పాలతోపాటు వచ్చేవే. చివరిది మాత్రం ఆయన సొంతంగా సంపాదించుకున్నాడు. దానికి బదులు ఒక బావి పోగొట్టుకున్నాడు.

చిలమత్తూరు దగ్గర మాకు నాలుగెకరాల చేను, అందులో ఆ బావి. గిలక వేసి చేదుకునే చిన్న బావి కాదు. లారీని లోపలికి దించి తిప్పుకోవచ్చన్నంత వెడల్పు, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు, అడుగున నల్లబండ. నేను ఏడో తరగతిలో ఉండగా చిన్నాయన వచ్చి బావిలో సగం నాదన్నాడు. నాయన కాదన్నాడు. చిన్నాయన కోర్టుకు పోయి స్టే తెచ్చాడు. తగువు తేలేదాకా అన్నదమ్ములిద్దరూ బావిలోంచి చుక్క తీయకూడదు. కోర్టు మనిషి వచ్చి మోటారు ఫీజు పీకేసి, షెడ్డు తలుపుకు కాగితం అంటించిపోయాడు.

నాయన చదువుకోలేదు గానీ కాగితానికి భయపడే మనిషి. స్టే ఉన్నన్నాళ్లూ బావి వైపు అడుగు వేయలేదు. మా గొర్రె ఒకటి మెట్లు దిగి తాగి వస్తే, దాన్ని కోర్టు చూసిందేమోనని రెండు రోజులు కట్టేసి ఉంచాడు. వాయిదాలకు తోడుగా పోవడానికి ఒక మనిషి కావాలని నేను బడి మానేశాను. బడి కూడా నన్ను ఉండమని పెద్దగా బతిమాలలేదు.

నాలుగేళ్లకు తగువు మా వైపు తేలి స్టే ఎత్తేశారు. నాయన కొబ్బరికాయ కొట్టి మోటారు వేశాడు. మోటారు దగ్గింది. గాలి కక్కింది. ఆ నాలుగేళ్లలో చుట్టూ చేలవాళ్లందరూ బోర్లు దించారు. మా ఊట కింది నుంచి కిందికే పోయింది. నాయన మాత్రం బోర్లను ఒక్క మాట అనలేదు.

"స్టే తాగేసినాది రా మన నీళ్లు" అనేవాడు.

అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు. తెల్లవారి వేపపుల్ల నోట్లో పెట్టుకుని బావి దాకా పోయి, నిమ్మకాయంత రాయి ఒకటి లోపలికి వదిలి, చెవి ఒగ్గి వింటాడు. టక్కుమంటే బండ. దబ్బుమంటే బురద. బుడుంగుమంటే నీళ్లు. ఇంటికొచ్చి రేడియోలో వార్తలు చదివినట్టు చెబుతాడు.

"ఈ పొద్దు గూడా టక్కే."

"వాతావరణ శాఖకు రాసి పంపిద్దామా నాయనా? నీకో కుర్చీ ఏస్తారు."

"నవ్వు రా, నవ్వు. ఒగ నాడు బుడుంగంటాది. ఆ పొద్దు నీ నోరు మూత పడతాది."

నేను తాడిపత్రి బండలు తోలే లారీ మీద ఇరవై ఏళ్లు తిరిగి, నడుము పాడు చేసుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో బెంగళూరు నుంచి ఒక సారు వచ్చాడు. నగరంలో ఊపిరాడని వాళ్లకు సెలవు రోజుల్లో ఎక్కడా లేని చోట పడక చూపించడం ఆయన వ్యాపారం. ఫోనులో లోకమంతా తిప్పి చూపించాడు. మంచుగడ్డలతో కట్టిన హోటలు, అందులో మంచం కూడా మంచుదే. రెక్కలు తీసేసిన విమానంలో పడక. చెట్టు కొమ్మ మీద గది. సముద్రం అడుగున అద్దాల గది, చేపలు వచ్చి మనల్ని చూసిపోతాయి. ఒక పాత జైలు, దాన్ని అలాగే ఊచలతో సహా హోటలు చేశారట.

"జైల్లో పండుకునేదానికి ఎదురు దుడ్లిస్తారా సార్? మా తట్టు జైల్లో పండుకోకుండా ఉండేదానికి ఇస్తారే" అన్నాను.

సారు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఆయన దగ్గర గదులు చూసుకునే ఉద్యోగం వచ్చిందనుకుంటాను.

మా చేను పక్కనే ఆయన స్థలం తీసుకున్నాడు. ఇంజను పోయిన లారీ కేబిన్ ఒకటి తెచ్చి పరుపు వేశాడు. ఇరవై ఏళ్లు నేను తిట్టుకుంటూ పడుకున్న చోటే అది, ఇప్పుడు దాంట్లో పడుకోవడానికి జనం నెల ముందు చెప్పి పెట్టుకుంటున్నారు. కాలువ పనికి తెచ్చి వదిలేసిన పెద్ద సిమెంటు పైపు ఒకటి రెండో గది. మూడోదానికి మా బావి అడిగాడు.

చేను అప్పటికే నాయన నా పేరు మీద రాసిచ్చాడు. రాసిచ్చిన రోజు ఒక మాట అన్నాడు: "చేను నీ ఇష్టం. బాయి మాత్రం నన్ను అడక్కుండా ముట్టద్దు." ఆ మాట ఏ కాగితం మీదా లేదు. నేను అడగలేదు. అప్పుడు నాయన కంటి ఆపరేషను చేయించుకుని పామిడిలో మా అక్క ఇంట్లో ఉన్నాడు. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో బావి అడుగున సిమెంటు గచ్చు, మెట్లకు ఇనుప కమ్మీలు, గోడలకు దీపాలు, నడిమధ్యన తెల్లటి పరుపుతో మంచం. పడుకుని పైకి చూస్తే గుండ్రటి ఆకాశం. ఎండిన బావే కదా, ఎవరికి నష్టం అని నాకు నేనే చెప్పుకున్నాను. నాకు నేను చెప్పుకునేవి నేను వెంటనే నమ్ముతాను.

సారు దాన్ని గది అననిచ్చేవాడు కాదు. లాడ్జి అంటే చెవులు మూసుకునేవాడు. 'స్టే' అనాలి.

నాయన తిరిగొచ్చిన పొద్దున, టీ తాగుతుండగా, ఎట్లాగూ చెప్పాల్సిందేనని మొదలుపెట్టాను.

"నాయనా, మన బాయిలో స్టే పెట్టినారు."

ఆయన చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

"మళ్లానా?"

నాకు అర్థం కాలేదు.

"ఎవురు తెచ్చినారు? మీ చిన్నాయన పోయి ఎన్నేండ్లాయె. వాని కొడుకులా?"

"కాదు నాయనా. బెంగళూరాయన."

"బెంగళూరా! అంటే హైకోర్టా?"

అప్పుడు అర్థమైంది. అక్కడే విప్పి చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ నా నోరుంది చూశారూ, అది పొద్దున్నే నాకంటే ముందు లేస్తుంది.

"దానికంటే పెద్దది నాయనా" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, లోపలికి పోయి, ట్రంకు పెట్టె తెరిచి, పాత కోర్టు కాగితాల సంచి బయటికి తీశాడు. గుడ్డతో దుమ్ము తుడిచాడు.

మర్నాడు ఆయన బావి దగ్గరికి పోలేదు. స్టే ఉన్న బావి కదా. నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. అంతకుముందు రాత్రంతా నా బెంగ ఒక్కటే: బావిలో జనం పడుకుని ఉంటే పైనుంచి ఈయన వేసే నిమ్మకాయంత రాయి ఎవరి తల మీద పడుతుందో అని. ఆ బెంగ తీరింది. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వారమైంది, వారం నెలలైంది. పెద్దాయన ముందు ఏమీ అనొద్దని ఊళ్లో అందరికీ చెప్పి పెట్టాను. అందరూ నవ్వుతూ ఒప్పుకున్నారు. బావికీ ఇంటికీ మధ్య ఒక మిట్ట ఉంది, అది కూడా నా తరఫునే నిలబడింది.

నాయన వేపపుల్ల నములుతూ వాకిట్లోనే కూర్చునేవాడు. నడక పోయింది. నడకతోపాటు ఆకలి పోయింది. వార్తలు చదవడం పోయింది.

"వాయిదా ఎప్పుడంట?"

"వచ్చే నెల నాయనా."

"వకీలు ఏమంటాండాడు?"

"గట్టోడే. ఎత్తేపిస్తానంటాండాడు."

"నేను బతికుండంగా ఎత్తేస్తే సాలప్పా" అనేవాడు. కొడుకును అప్పా అని పిలిచే అలవాటు ఆయనకు లేదు. నా చేతిలో ఏదో ఉందనుకుని, పరాయి మనిషిని అడిగినట్టు అడిగేవాడు. నేను వాయిదాలు వేస్తూనే పోయాను. ఏ జడ్జీ అన్ని వేసి ఉండడు.

తర్వాత వాన పడింది. మా తట్టు వాన అంటే నేల నోరు తడుపుకునేంత. ఆ ఏడు అలా కాదు, వదలకుండా పట్టింది. నాలుగో రోజు తెరిపి ఇచ్చాక నాయన నన్ను పిలిచాడు.

"బాయి సూసి రా రా. స్టే నా మీద గదా, నీ మీద యట్ల అవుతాది? రాయి గూడా ఎయ్యద్దు. ఊరికే తొంగి సూసి రా."

పోయి చూశాను. మంచం కాళ్లు మునిగి ఉన్నాయి. వాన నీళ్లనుకుని బకెట్లతో తోడి, గచ్చు తుడిచాను. సాయంత్రానికి మళ్లీ ఎక్కాయి. గచ్చు ఒక మూల పగిలి ఉంది. ఆ పగులులో వేలు పెట్టాను. చల్లగా, లోపలినుంచి ఎవరో నెడుతున్నట్టు నీళ్లు. ఊట.

సారుకు ఫోను చేశాను.

"లీకేజా?" అన్నాడు.

"లీకేజీ కాదు సార్. బావి."

"నాళెకి, అదే రేపటికి, గెస్టులు ఉండారప్పా. పంపు పెట్టి తీసెయ్."

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో నిలబడే ఉన్నాడు.

"ఏమన్నా ఊరినాదా?"

"ల్యాదు నాయనా. టక్కే."

నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ ఎవరో ఒకరిని నవ్వించడానికి చెప్పాను. ఇదొక్కటి మాత్రం అట్లా కాదు.

మర్నాడు తెల్లవారకముందే పంపు వేశాను. నీళ్లు రోడ్డు పక్క గుంతలోకి పోతున్నాయి. గాలి కక్కే మోటారు చప్పుడు వేరు, నీళ్లు లాగే మోటారు చప్పుడు వేరు. మిట్ట అవతల ఉన్నా ఆ తేడా తెలిసిన చెవులు రెండు ఉన్నాయని నేను మరిచిపోయాను. చెప్పులు కూడా లేకుండా, పంచె మోకాళ్ల మీదికి ఎత్తి పట్టుకుని, పరుగు లాంటి నడకతో వస్తున్నాడు.

"ఆపు రా! ఆపు! స్టే ఉండంగ మోటారేస్తే నిన్ను జైల్లో ఏస్తారు రా!"

ఆపాను. ఆయన ఆయాసంతో నా చెయ్యి పట్టుకుని, ఎవరైనా చూశారేమోనని రోడ్డు వైపు చూశాడు. తర్వాత బావిలోకి చూశాడు. కొత్త కళ్లు. ఆపరేషను చేయించింది నేనే.

"ఎవురిది రా ఆ మంచం?"

"స్టేది నాయనా."

"స్టేకి మంచమేంటికి?"

చెప్పాను. కోర్టు లేదు, వకీలు లేడు, స్టే అంటే ఊరికే మనుషులు వచ్చి ఉండిపోవడమని. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఉండేదానికా" అన్నాడు చివరికి. "బాయిలో ఉండాల్సింది నీళ్లు గదరా."

నేలమీద పారుతున్న నీళ్లను కాలి వేలితో తాకాడు.

"వాన నీళ్లా, ఊటా?"

"ఊటే."

"రాత్రి టక్కే అంటివి?"

నోరు తెరిచాను. అది మూత పడింది.

ఆయన వంగి రాయి వెతుక్కున్నాడు. మంచానికి తగలకుండా ఒక పక్కగా చూసి వదిలాడు. బుడుంగుమంది. చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు చెవి ఒగ్గి అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "స్టే యాదీ ల్యాదు గదా. ఇంగేం, ఏసుకో మోటారు" అని మిట్ట వైపు నడిచాడు. నా జేబులో ఫోను మోగుతోంది. సారు.

వేశాను. మధ్యాహ్నానికి గచ్చు ఆరింది, గెస్టులు దిగారు. ఊట ఇంకో రెండు వారాలు వచ్చింది. మర్నాటి నుంచి పైపును చేను వైపు తిప్పాను. నాయన అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత ఊట కూడా ఆగిపోయింది.

నాయన మళ్లీ పొద్దున్నే బావి దాకా పోతున్నాడు. వాయిదా ఎప్పుడని అడగడం లేదు. చేతిలో రాయి ఉంటుంది. లోపల మనుషులు పడుకుని ఉంటారు కాబట్టి దాన్ని వదలకుండా బావి గట్టు మీద పెట్టి వచ్చేస్తాడు. గట్టు చుట్టూ సగం దాకా వచ్చింది వరుస. గెస్టులు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. మొన్న ఒకాయన అడిగాడు, ఈ రాళ్లు ఏమిటి, ఈ ఊరి ఆచారమా అని.

"వాయిదాలు సార్" అన్నాను.

ఆయన బాగా నవ్వాడు.