కుషన్ల మీద నంబర్లు

నా చిన్నప్పుడు మా నాన్న ఫిషింగ్ హార్బరులో చేపల పెట్టెలకు నంబర్లు వేసేవాడు. ఐసు కరిగి కారినా, వాన పడినా చెరగని నల్ల మార్కరుతో థర్మాకోల్ మూత మీద పెద్ద అంకె వేస్తే ఆ పెట్టె ఎక్కడికి వెళ్లినా తప్పిపోదని ఆయన నమ్మకం. నంబరు లేని వస్తువు ఎవరిదీ కాదని ఇంట్లో కూడా అనేవాడు. నేనది గట్టిగా నమ్మాను.

అమ్మ జాకెట్లు కుట్టేది. పక్కింటి నర్సక్క తాను పనిచేసే సీతమ్మధార క్లినిక్కులో మాట్లాడి, అక్కడి సోఫాలకు ఆరు కుషన్లు కుట్టే పని అమ్మకు ఇప్పించింది. అమ్మకు అంత పెద్ద పని రావడం అదే మొదలు. డాక్టరమ్మకు నచ్చితే మేడమీది సోఫాలు కూడా అమ్మకే ఇస్తామన్నారు. మీగడ రంగు బట్ట, పూర్ణా మార్కెట్లో తానులో మిగిలిన ఆఖరి ముక్క. దాన్ని స్పాంజి మీద బిగించి అమ్మ అంచులు మూసి కుట్టేసింది. సాయంత్రం డ్యూటీకి వెళ్తూ నర్సక్క వాటిని ఆటోలో తీసుకెళ్లాలి.

మధ్యాహ్నం అమ్మ స్నానానికి వెళ్లింది. కుషన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదానికీ నంబరు లేదు. నాకు ఎనిమిదేళ్లు. నాన్న మార్కరు తీసి, మొదటి కుషను నడిమధ్యన దూరానికి కూడా కనబడేలా ఒకటి వేశాను. రెండోదాని మీద అంకె సగంలో ఉండగా అమ్మ వచ్చింది.

"ఏటే ఇది?"

"నంబర్లమ్మా. తప్పిపోకండా."

కొట్టలేదు. సబ్బు గుడ్డతో అద్ది చూసింది. అంకె అలాగే ఉంది. ఇక నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ చేతులు ఏ పనీ లేకుండా ఒళ్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. భయం వేసి నర్సక్క దగ్గరికి పరిగెత్తాను.

ఆమె అన్నం ముందు నుంచి లేచి వచ్చింది. వీధిలోవాళ్లకు ఇంజెక్షన్లు చేయడానికి ఇంట్లో ఉంచుకున్న స్పిరిటు సీసా, దూది తెచ్చింది. స్టవ్వు ఆర్పించి, కిటికీలు తెరిపించి, సబ్బు తడి ఆరేదాకా కుషన్ని ఫ్యాను కింద ఉంచింది. కుషను అడుగున ఒక చుక్క వేసి, బట్ట రంగు దిగడం లేదని చూసుకుంది. తర్వాత తడి దూదిని అంకె మధ్యలో పెట్టి బయటికి తుడిచింది. నలుపు కదిలింది గానీ చుట్టూ బూడిద రంగుగా పాకింది. అమ్మ కళ్లు మూసుకుంది. నర్సక్క చెయ్యి ఆపి నవ్వింది.

"అలవాటొదినా. పుండు తుడిసినట్టు తుడిసేత్తన్నాను. పుండైతే లోపల్నుంచి బయటికి. దీనికి బయట్నుంచి లోపలికి రావాల. తప్పు నాదే."

ఈసారి మరక అంచున మొదలుపెట్టింది. రుద్దకుండా అద్దడం, ఎత్తడం. దూది నల్లబడగానే పారేసి కొత్తది. ఉండలు చేసి అందించడం నా పని. పాకిన బూడిద రంగు వెనక్కి వచ్చింది. అంకె సన్నని గీత అయింది, గీత చుక్క అయింది, చుక్క పోయింది. రెండో కుషను మీది సగం అంకె అంతసేపు కూడా నిలవలేదు.

అమ్మ రెండు కుషన్లూ కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఎక్కడే రాసినావు?"

నేనూ చూపించలేకపోయాను. ముగ్గురం నవ్వాం.

ఆటో వచ్చేలోగా నర్సక్క నా చేతిలో పెన్సిలు పెట్టింది. "నంబరెయ్యడం మంచి పనేనే. అడుగునెయ్యి." ఆరు కుషన్లకీ అడుగున నేనే వేశాను. వారం తిరక్కుండా మేడమీది సోఫాల పని కూడా అమ్మకు వచ్చింది. ఆ తర్వాత అమ్మ కుట్టిన ప్రతి కుషను అడుగునా నా అంకె ఉండేది.

ఈ ఏడాది నర్సక్క పోయింది. ఆమె ఇంట్లో ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆమె సేవ గురించి చాలా చెప్పారు. నాకు మాత్రం మరక మీద ఆగిన ఆ చెయ్యి కనబడింది. నేనిప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతాను. బోర్డు మీద తప్పు చేసిన రోజు దాన్ని గబగబా చెరిపెయ్యను. తప్పు నాదేనని వాళ్లకు చెప్పి, నవ్వి, ఆ లెక్కని ఇంకో వైపు నుంచి మళ్లీ మొదలుపెడతాను.