వరండాలో అందరిదీ ఒకటే రాత

గుడివాడలో పొద్దున్నే మచిలీపట్నం పాసింజరు ఎక్కేటప్పటికి నాకు ఏ కోపమూ లేదు. నేను పనిచేసే కాలేజీలో సైకాలజీ మేడం దివిసీమ జనాన్ని ఒకే ప్రశ్న అడిగి రమ్మన్నారు. జీవితంలో జరిగేది ముందే రాసిపెట్టి ఉంటుందా, మన చేతుల్లో ఉంటుందా? చెప్పినదాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యాలి. ఐదంటే అంతా రాతే.

బందరులో దిగి అవనిగడ్డ బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వెళ్ళేవారు చల్లపల్లిలోనే టిఫిను కానివ్వండి, తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు. పక్క సీటాయన నా ప్రశ్న విని, "ఈ బస్సు టైముకి రావడం మాత్రం మన చేతుల్లో లేదండీ" అన్నాడు. ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

నాగాయలంక దాటాక, మేడం చెప్పిన ఊళ్ళో ఆటో దిగేసరికి పదకొండు. ఆ ఊరికి కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు రామ్మోహనరావు గారింటికి వెళ్ళాలట. పొలాల్లో చాలా భాగం, ఊరి చివరి రొయ్యల చెరువులు ఆయనవే. ఆయనే మనిషిని పంపి తన కౌలు రైతుల్ని వరండాలోకి పిలిపించారు. నాకు కాఫీ ఇప్పించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదటి జవాబూ ఆయనదే. "అంతా పైవాడి నిర్ణయమండీ, మనమెంత?" ఐదు. ఆ తర్వాత అందరూ ఐదే. నాంచారమ్మ అనే ఆవిడ కూడా తల దించుకుని, రాతేనండీ అంది.

భోజనం అక్కడే పెట్టారు. మంచి భోజనమే, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం రోడ్డు వైపు నడుస్తుంటే మాడిపోయిన నారుమడి ఒకటి కనిపించింది. గట్టు మీద నాంచారమ్మ ఉంది. మడి ఆవిడదే. చెరువులకు ఉప్పునీళ్ళు కావాలని రావు గారి మనిషి సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగు కాలువ గేటు ఎత్తాడట, ఆ నీళ్ళు మడిలోకి ఎక్కాయట. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఇది రాత ఎలా అయిందమ్మా, నీ మార్కు ఇప్పుడే మారుస్తానంటూ పెన్ను తీశాను.

"మార్చొద్దండీ. గేటెత్తించిందెవరో నాకు తెలీదా? ఆయన ఎదురుగా రాతే అనాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. కాదంటే ఈ కౌలు పోద్ది. నేను మళ్ళీ నారు పోసుకోవాలి."

తిరుగు బస్సులోంచి మేడంకి ఫోన్ చేసి, నేను వేసుకొచ్చినవి నమ్మకానికి కాదు, భయానికి మార్కులని అరిచాను. కండక్టరు తిరిగి చూశాడు. అందరూ ఒకే మాటన్నారంటే నమ్మకం గట్టిదనేగా అన్నారావిడ. ఫోన్ పెట్టేశాను.

దివిసీమ పచ్చగా ఉంటుంది, వెళ్ళి చూడండి. ఎవరినైనా ఏదైనా అడగాలనుకుంటే మాత్రం వరండాలో అడగకండి. ఆ రోజు నేను కలిసినవాళ్ళలో ఏం చెప్పాలో, ఎందుకు చెప్పాలో ఆలోచించి నిర్ణయించుకున్నానని నాతో అన్నది నాంచారమ్మ ఒక్కతే. ఆవిడ పేరు పక్కన నేను వేసిన ఐదు అలాగే ఉంది.