షోకేసులో తిరగబడిన పడవ

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం లేదు, ఓపిక అసలే లేదు. మాది బాపట్ల. అమ్మ ఆస్పత్రిలో నర్సు, ఎంతోమంది పోవడం దగ్గరుండి చూసిన మనిషి. ఇంట్లో ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే "ప్రార్థన చేసుకుని పడుకోండి, పొద్దున్నే పనులున్నాయి" అనేది. నేనూ ఆ తల్లి కూతుర్నే. ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం కథ అని కూడా నేను అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక చిన్న డ్రాఫ్టింగ్ కంపెనీలో చేరాను. అప్పటికి అక్కడ గుండ్రటి టవర్ ఒకటి లేచింది, చుట్టూ బండరాళ్లు, మేకలు. దానికి కాస్త దూరంలో ఓ ఇంటి పై అంతస్తు మా ఆఫీసు. విదేశాల వాళ్లు చేత్తో గీసిన బొమ్మలు పంపితే వాటిని కంప్యూటర్‌లో కొలతలతో గీసి తిరిగి పంపడం మా పని. షెడ్లు, నీళ్ల ట్యాంకులు గీసుకుంటూ ఉండగా మా యజమాని రావు గారు ఒకరోజు పడవ పని తెచ్చారు.

పడవంటే మామూలుది కాదు. భూమి చుట్టూ ఎక్కడా ఆగకుండా పందెంలో పరుగెత్తే తెరచాపల పడవ. రెండు పొడవాటి పడవల్ని పక్కపక్కన పెట్టి అడ్డదూలాలతో కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక్కో పడవ మా వీధి పొడవు. సముద్రం ఎటువైపుందో కూడా తెలియని మాదాపూర్‌లో కూర్చుని దాన్ని గీశాం మేము.

ఆ పందెం నిబంధనలు నాకు ఇప్పటికీ గుర్తే. పడవ ఇంతకన్నా చిన్నది కాకూడదు అని ఉంది గానీ, ఇంతకన్నా పెద్దది కాకూడదు అని ఎక్కడా లేదు. ఇంజనుతో నడపకూడదు. దారిలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ఇక ఒక్క విషయంలో మాత్రం మహా కచ్చితంగా ఉన్నారు. రెండు పడవల్లోనూ పక్క గోడకు ఒక్కో తలుపు ఉండాలి. పడవ మామూలుగా నిలబడ్డప్పుడూ అది నీటికి పైనే ఉండాలి, తిరగబడ్డప్పుడూ పైనే ఉండాలి. ఎందుకంటే ఈ జాతి పడవ ఒకసారి తిరగబడితే దానంతట అది మళ్లీ లేవదు. లోపలున్నవాళ్లు ఆ తలుపులోంచే బయటపడాలి.

"ఏందే ఇది, పడవ ఎట్ల నడపాల్నో చెప్పరు, బోర్లపడితే ఎట్ల బయటికి రావాల్నో మాత్రం చెప్తరు" అని సుజాత నవ్వింది.

సుజాత గురించి చెప్పాలి. హనుమకొండ పిల్ల. నాకన్నా రెండేళ్లు పెద్ద, ఆఫీసులో నా సీనియర్. లింగంపల్లిలో ఒకే గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నేను సుజాతక్కా అనేదాన్ని, తను నన్ను ఎస్తేరూ అని పేరు పెట్టి పిలిచేది. ఒకే కంచంలో తిన్న రోజులు చాలా ఉన్నాయి. నాకు టైఫాయిడ్ వస్తే దవాఖానలో నా పక్కన కింద చాప వేసుకుని పడుకుంది. సొంత అక్క ఉన్నా అంత చేస్తుందో లేదో. అందుకే ఇంత కాలమైనా ఈ మంట చల్లారలేదు.

ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, నేను గీస్తాను, తను సరిచూసి పంపిస్తుంది. బొమ్మ మూలన గీసినవాళ్ల పేరు ఉంటుంది. పంపినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

రావు గారికి ఆ పడవంటే ముద్దు. ఇళ్ల నమూనాలు చేసే ఒకాయన చేత చెక్కతో మూరెడు పొడవు బొమ్మపడవ చేయించి, ముందు గదిలో అద్దాల షోకేసులో పెట్టారు. తెరచాప కొయ్య పెడితే షోకేసులో పట్టదని పెట్టించలేదు. ఆ బొమ్మ మీద తలుపులు ఎక్కడొస్తాయో సుజాత, నేను కలిసి తన నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్కలు పెట్టాం.

పని సగంలో ఉండగా అవతలివాళ్లు అడ్డదూలాల్ని లావు చేశారు. బరువు పెరిగింది. బరువు పెరిగితే తిరగబడినప్పుడు పడవ ఇంకాస్త మునుగుతుంది, అంటే పాత చోట ఉన్న తలుపు నీళ్ల కిందికి పోతుంది. నేను లెక్క వేసి తలుపుల్ని అడుగువైపు, అంటే తిరగబడితే పైకొచ్చే వైపు, బెత్తెడు జరిపాను. తలుపు జరిగితే చుట్టూ గోడను గట్టిపరిచే భాగాల డ్రాయింగ్ షీట్లన్నీ మళ్లీ గీయాలి. అన్నీ గీశాను. బొమ్మపడవ మీద పాత చుక్కలు చెరిపి, కొత్త చోట మళ్లీ పాలిష్ పెట్టాను. సుజాత పక్కన నిలబడి సీసా పట్టుకుంది. తెలియదు అనడానికి వీల్లేదు.

అది శుక్రవారం పంపాల్సిన పని. పంపాక ఒకరిని పడవ కట్టే చోటికి, ఆ దేశానికే పంపిస్తానని రావు గారు అన్నారు. గడువు తప్పితే ఆ మాట లేదు. శుక్రవారం సాయంత్రం సుజాతను అడిగితే "పంపిన. నువ్వేం ఫికర్ చెయ్యకు" అంది. నేను ఫికర్ చెయ్యలేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి షోకేసులో పడవ బోర్లా పడి ఉంది.

ఎవరో తుడుస్తూ తగిలించారనుకున్నాం. ఊడ్చే ఎల్లమ్మ "నేను అద్దం తలుపే తియ్యలేదమ్మా" అని యేసయ్య మీద ఒట్టు పెట్టింది. తిప్పి నిలబెట్టాను. కొన్ని రోజులకు మళ్లీ బోర్లా. ఈసారి రావు గారు షోకేసుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. మర్నాడు అందరం చూస్తుండగా ఆయనే తాళం తీశారు. పడవ లోపల చక్కగా తలకిందులుగా ఉంది, అటూ ఇటూ ఒక్క గీత పడలేదు. దొర్లి పడిందనుకోవడానికి లేదు. రెండు కాళ్ల పీటలాంటి వస్తువు అది, దానంతట అది ఎలా తిరుగుతుంది? ఎలుకలన్నారు, చుట్టుపక్కల బండరాళ్లు పేల్చే అదురు అన్నారు. ఆ అదురుకు పక్కనున్న గాజు గ్లాసు కూడా కదల్లేదు మరి.

ఒకసారి పట్టపగలే జరిగింది. నేను టీకి కిందికి వెళ్లి వచ్చేసరికి సుజాత ఒక్కతే ముందు గదిలో నిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. పడవ బోర్లా ఉంది.

"నేను ముట్టలే ఎస్తేరూ" అంది. నేను అడగనే లేదు.

తర్వాత తన చున్నీ తెచ్చి షోకేసు మీద కప్పింది. దెయ్యాలకు భయపడుతోందని ఏడిపించాను. అంత తెలివి నాది.

ఏదో అనుమానం వచ్చి నేను నా బొమ్మలు మళ్లీ చూసుకున్నాను. పడవను కంప్యూటర్‌లో తలకిందులు చేసి చూశాను. తలుపులు రెండూ నీటికి పైనే ఉన్నాయి. లెక్క సరిగ్గా ఉంది. ఇంకేం కావాలి దీనికి అని ఆ చెక్కముక్కను తిట్టుకున్నాను.

సుజాతను విదేశానికి పంపారు. నేనే లింగంపల్లి నుంచి ఆటోలో ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లి ఎక్కించాను. దారిలో తినమని పులిహోర కట్టిచ్చాను. సుజాతే ఎవరికీ తెలియకుండా పడవను తిప్పుతోందేమో అని ఆఫీసులో ఒకరిద్దరు అనుకునేవాళ్లు. తను విమానం ఎక్కాక కూడా అది ఆగలేదు.

పడవ కట్టడం పూర్తయింది. నీళ్లలోకి దించి సముద్రంలో పరీక్షగా నడిపారు. ఒకరోజు పెద్ద గాలికి తిరగబడింది. ఫోటో ఈమెయిల్‌లో వచ్చింది. నీళ్ల మీద రెండు పడవల తెల్లటి అడుగుభాగాలు, మధ్యన దూలాలు. రావు గారు ఫోటో చూసి, షోకేసు వైపు చూసి, కుర్చీలో కూర్చుండిపోయారు. ఎడమవైపు పడవలో ఒక మనిషి చిక్కుకున్నాడు. తలుపు నీళ్ల కింద ఉంది, తెరుచుకోలేదు. పైనుంచి గోడ కోసి తీశారు. బతికాడు గానీ ఒక చెయ్యి పనికిరాకుండా పోయింది.

తలుపు నీళ్ల కింద ఎలా ఉంటుంది? నేను నా బొమ్మలు తీసి చూపించాను. రావు గారు అవతలివాళ్లకు అందిన బొమ్మలు తీసి నా ముందు పెట్టారు. పాతవి. తలుపు పాత చోటే ఉంది. మూలన నా పేరు.

నా కొత్త షీట్లు సరిచూడాలంటే సుజాతకు వారం పట్టేది. పాతవి అప్పటికే చూసేసి ఉన్నాయి. శుక్రవారం వాటినే పంపేసింది. తర్వాతైనా కొత్తవి పంపొచ్చు. పంపితే తప్పు బయటపడుతుంది, ప్రయాణం పోతుంది. అంతే సంగతి. అక్కడివాళ్లూ చూసుకోలేదు, అది వాళ్ల పాపం.

రావు గారు సుజాతకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "ఎస్తేరు ఇక్కడే ఉందమ్మా, వింటోంది" అని ముందే చెప్పారు కూడా.

"ఆమె ఇచ్చిందే నేను పంపిన సార్. నేనేం మార్చలే" అంది సుజాత.

నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. దవాఖానలో నా నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి, సీసా పట్టుకున్న చెయ్యి ఒకటే కదా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

"నీ తప్పు లేదని నాకనిపిస్తోందమ్మా. కానీ పేరు నీది ఉంది. వాళ్లకు నేను ఎవరో ఒకర్ని చూపించాలి" అన్నారు రావు గారు. చూపించారు. ఉద్యోగం పోయి నేను వచ్చేసే రోజు ఆయనే షోకేసు తెరిచి బొమ్మపడవ నా చేతిలో పెట్టారు. "దీన్ని కూడా తీసుకెళ్లిపోమ్మా" అన్నారు, నా మొహం చూడకుండా.

అసలు పడవ తిరగబడిన రోజు నుంచి బొమ్మ తిరగడం మానేసింది. వేరే ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, నిజాంపేటలో ఫ్లాటు. పడవ ఎప్పుడూ హాల్లో పుస్తకాల అలమరాలోనే, అద్దం వెనకాల. పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఇన్నేళ్లూ బుద్ధిగా నిలబడి ఉంది.

సుజాత ఒకే ఒకసారి ఫోన్ చేసింది, చాలా ఏళ్ల తర్వాత. నంబర్ ఎలా దొరికిందో తెలియదు. బాగున్నవా అని లేదు, తప్పయింది అని లేదు.

"అది ఇంకా తిరుగుతుందా ఎస్తేరూ?" అంది.

"లేదు" అన్నాను.

"అది నేను చేసినదానికే తిరిగేది. నాకు అప్పుడే ఎరుక" అంది. నేను ఫోన్ పెట్టేశాను. క్షమించడం మా మతంలో పెద్ద మాట. ప్రతి ఆదివారం విని వస్తాను. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఒకరోజు పొద్దున హాల్లోకి వచ్చేసరికి అలమరాలో పడవ బోర్లా ఉంది. అద్దం వేసే ఉంది. పాలిష్ చుక్క పైకి కనిపిస్తోంది.

మా ఆయన పేపర్ చదువుకుంటున్నారు. నేను చూస్తున్న వైపు ఒకసారి చూసి "గాలికి పడి ఉంటుందిలే" అన్నారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆయనకు ఈ కథ నేనెప్పుడూ చెప్పలేదు, ఇలాంటివి ఆయన చదవరు కూడా. నేనేమీ అడగలేదు. పడవను తిప్పి నిలబెట్టి ఆయనకు కాఫీ ఇచ్చాను.

మర్నాడు మళ్లీ బోర్లా ఉంది.

ఎందుకు తిరుగుతుందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. సుజాత చెప్పిందే నిజమైతే, ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరమే.