దీనమ్మకు నచ్చిన చేప

ఆగిరిపల్లి మామిడి షెడ్డులో ముప్పై ఏళ్ళుగా కాయలు ఏరే దీనమ్మకు, ఊరికే కూర్చునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మంట. కాలు విరిగి మంచాన ఉన్న భర్త ఇశ్రాయేలుకు కాలక్షేపంగా ఉంటుందని ఆమె నూజివీడులో చిన్న అక్వేరియం కొని, కొట్లో చేపల ముందు నడుం మీద చెయ్యేసుకుని గంటసేపు నిలబడింది. చివరికి అద్దానికి మూతి ఆనించి నాచు నాకుతున్న నల్లచేపను చూపించింది.

"రంగువి తీసుకోండమ్మా, అందంగా ఉంటాయి," అన్నాడు కొట్టతను.

"అవన్నీ ఊరికే తిరుగుతున్నాయయ్యా. పని చేసేది ఇదొక్కటే."

ఇంటికొచ్చాక చూస్తే కొత్త అద్దం మీద నాచే లేదు. చేప ఓ మూల ఖాళీగా పడుంది. దీనమ్మకు అన్నం సయించలేదు. తొట్టెను ఎండ పడే కిటికీ దగ్గరకు జరిపింది. పది రోజులకు అద్దమంతా పచ్చబడింది.

"ఏంటే ఇది, చేపే కనపడట్లేదు!" అన్నాడు ఇశ్రాయేలు.

"కనపడదు మరి," అంది దీనమ్మ తృప్తిగా, "డ్యూటీలో ఉంది."